వాక్యానికి ఎనిమిది పేర్లు పెట్టి, సభ్యుల పేర్లు దాచిన పంతులు: దాదోబా పాండురంగ్

సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ మాధ్యమం ఒక్కటే ఉండదు. మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలు కూడా ఉన్నాయి. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు తెలుగు మాధ్యమంలో చదువుకుంటారు. తెలుగు వ్యాకరణం పాఠం వచ్చినప్పుడు వాళ్లు నేర్చుకునే భాషాభాగాలు ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. మరాఠీ మాధ్యమం పిల్లలు మాత్రం ఎనిమిది నేర్చుకుంటారు. ఇంగ్లీష్ పాఠానికి వచ్చేసరికి ఇద్దరూ నౌన్, ప్రొనౌన్, యాడ్జెక్టివ్, వెర్బ్, యాడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ అని ఎనిమిది లెక్కపెట్టాలి.

తెలుగుకు ఐదు, మరాఠీకి ఎనిమిది ఎందుకయ్యాయి? ఈ లెక్క ఎవరు కట్టారు? మరాఠీ వరకు ఈ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరు చెప్పవచ్చు. ఆయన దాదోబా పాండురంగ్ తర్ఖడ్కర్. మహారాష్ట్రలో ఆయన్ని మరాఠీ పాణిని అంటారు. 1840లలో కొన్నేళ్లు సూరత్ ఇంగ్లీష్ బడిలో పాఠాలు చెప్పారు. పశ్చిమ భారతంలో తొలితరం సంఘ సంస్కరణ సభల్లో ఒకటైన మానవ ధర్మ సభ ఆ ఊళ్లోనే, ఆయన చేయి కూడా ఉండగా మొదలైంది. వ్యాకరణ పుస్తకం మీద ధైర్యంగా తన పేరు వేసుకున్న ఈ పంతులు, కుల నిర్మూలన కోసం బొంబాయిలో పెట్టిన సంఘాన్ని మాత్రం రహస్యంగా నడిపారు. పుస్తకం నిలిచింది. సంఘం ఒక పేర్ల జాబితా బయటపడగానే చెల్లాచెదురైంది. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆయన జీవితం అర్థమవుతుంది.

22 ఏళ్లకే వ్యాకరణం

దాదోబా 1814 మే 9న బొంబాయిలో పుట్టారు. బ్రాహ్మణ కుటుంబం కాదు, వైశ్య కుటుంబం. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజుల్లో వ్యాకరణం అంటే సంస్కృత వ్యాకరణమే, అది బ్రాహ్మణ పండితుల సొత్తు. పీష్వాల పాలన 1818లో ముగిసి పశ్చిమ భారతంలో ఎక్కువ భాగం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేసరికి దాదోబాకు నాలుగేళ్లు. ఆ తర్వాత బొంబాయిలో వచ్చిన కొత్త బడులు ఇంగ్లీషుతో పాటు దేశభాషలనూ నేర్పేవి. దాదోబా ఆ బడుల్లో తయారైన తరం మనిషి.

ఆ తర్ఖడ్కర్ అన్నదమ్ముల్లో ముగ్గురు చరిత్రకెక్కారు. తమ్ముడు భాస్కర్ పాండురంగ్ 1841లో బాంబే గెజెట్ పత్రికకు వరసగా లేఖలు రాశారు. కంపెనీ పాలన ఈ దేశ సంపదను ఎలా తరలిస్తోందో అందులో కడిగిపారేశారు. ఆ లేఖల కింద తన పేరు కాకుండా హిందువు అని మాత్రమే సంతకం పెట్టారు. ఇంకో తమ్ముడు ఆత్మారామ్ పాండురంగ్ డాక్టరు. 1867లో బొంబాయిలో ప్రార్థనా సమాజాన్ని స్థాపించింది ఆయనే. ఇంగ్లండు ప్రయాణానికి ముందు, 1878లో, యువ రవీంద్రనాథ్ ఠాగూర్ బొంబాయిలో బస చేసింది ఆత్మారామ్ ఇంట్లోనే.

దాదోబా మరాఠీ వ్యాకరణం 1836లో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. అంతకుముందు మరాఠీకి వ్యాకరణాలు లేవని కాదు. మిషనరీ విలియం కేరీ 1805లోనే ఒకటి రాశారు. అయితే అది ఇంగ్లీషులో ఉంది. మరాఠీ నేర్చుకోవాల్సిన దొరల కోసం రాసింది. మరాఠీ మాట్లాడే పిల్లలు తమ భాష గురించి తమ భాషలోనే చదువుకోవడానికి వీలైన పుస్తకం కావాలి. దాదోబా ఆ లోటు తీర్చారు.

తెలుగులోనూ అప్పటి పరిస్థితి ఇంచుమించు ఇదే. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో, సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో వచ్చాయి. మూడూ ఇంగ్లీషులో రాసినవే. పరాయివాళ్లు తెలుగు నేర్చుకోవడానికే అవి ఉద్దేశించినవి.

తొమ్మిది ఎనిమిది ఎలా అయ్యాయి?

దాదోబా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి సంస్కృత మార్గం. యాస్కుడు పదాలను నాలుగు రకాలుగా విడదీశాడు: నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం. పాణిని లెక్క ఇంకా పొదుపైనది. పదానికి చివర చేరేది సుప్ ప్రత్యయమా, తిఙ్ ప్రత్యయమా అన్నదే ఆయనకు ముఖ్యం. రెండో దారి ఇంగ్లీష్ బడిది. ఆ రోజుల్లో ఇంగ్లీష్ బడుల్లో ఎక్కువగా వాడింది లిండ్లీ మరే వ్యాకరణం. అమెరికాలో పుట్టి, న్యాయవాదిగా పనిచేసి, ఇంగ్లండులోని యార్క్ దగ్గర స్థిరపడిన మరే 1795లో ఆ పుస్తకం ప్రచురించారు. బ్రిటన్, అమెరికాల్లో అది లెక్కలేనన్ని ముద్రణలు పొందింది.

మరే పదాలను తొమ్మిది రకాలుగా విభజించారు. వాటిలో మొదటిది ఆర్టికల్, అంటే ఏ, యాన్, ది. మరాఠీలో ఆర్టికల్స్ లేవు. దాదోబా మరే పద్ధతిని అనుసరిస్తూనే ఆ మొదటి గది తీసేశారు. మిగిలినవి ఎనిమిది: నామ్, సర్వనామ్, విశేషణ్, క్రియాపద్, క్రియావిశేషణ్, శబ్దయోగీ, ఉభయాన్వయీ, కేవలప్రయోగీ. చివరి నాలుగూ అవ్యయాలు. ఈ పేర్లు నేటికీ మరాఠీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అవి అలా పాతుకుపోవడంలో దాదోబా పుస్తకానిదే పెద్ద పాత్ర.

ఇలా గదులు తీసేయడం, కలపడం కొత్తేమీ కాదు. భాషాభాగాలు ఎనిమిది అన్న లెక్క ప్రాచీన గ్రీకుల నాటిది. వాళ్ల జాబితాలో ఆర్టికల్ ఉంది. లాటిన్‌లో ఆర్టికల్ లేదు కాబట్టి రోమన్ పండితులు దాన్ని తీసేశారు. కానీ ఎనిమిది అన్న అంకె తగ్గకుండా ఇంటర్జెక్షన్‌ను విడిగా లెక్కపెట్టారు. ఎక్కడైనా జరిగింది ఒకటే. ఒక భాష కోసం కుట్టిన చొక్కాను ఇంకో భాష ఒంటికి సరిచేసుకున్నారు.

సరిచేయడం అన్నిచోట్లా తేలిక కాలేదు. ప్రిపొజిషన్ సంగతే చూడండి. ఇంగ్లీషులో అది నామవాచకానికి ముందు వస్తుంది. ఆ పేరులోనే ముందు ఉండేది అన్న అర్థం ఉంది. మరాఠీలో గానీ తెలుగులో గానీ ఆ పని చేసే మాట తర్వాత వస్తుంది. ‘బల్ల మీద’ అంటాం కానీ ‘మీద బల్ల’ అనం. అందుకే మరాఠీలో ముందు, వెనుక అన్న ప్రస్తావన లేకుండా శబ్దయోగీ అన్న పేరు నిలిచింది. శబ్దంతో కలిసి ఉండేది అని దాని అర్థం. ఉభయాన్వయీ అంటే రెండింటినీ కలిపేది, కంజంక్షన్. కేవలప్రయోగీ అంటే వాక్యంతో పొత్తు లేకుండా ఒంటరిగా పలికేది. అబ్బా, అయ్యో, ఓహో లాంటివి. ఇంగ్లీష్ మాటను ఉన్నది ఉన్నట్టు అనువదించకుండా, తమ భాషలో అది చేసే పనిని బట్టి పేరు పెట్టడం ఇందులో కనిపిస్తుంది.

తెలుగు ఇంకో దారి పట్టింది. పరవస్తు చిన్నయ సూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ఇంగ్లీష్ నమూనాలో లేదు. సంస్కృత శాస్త్ర పద్ధతిలో సూత్రాలుగా ఉంది. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస అంటూ పరిచ్ఛేదాలు సాగుతాయి. నేడు తెలుగు బడుల్లో చెప్పే ఐదు భాషాభాగాలు రెండు దారుల మధ్య కుదిరిన రాజీలాంటివి. ఇంగ్లీషులో విడివిడిగా ఉన్న యాడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ పనులు చేసే మాటల్లో చాలా వాటిని తెలుగు లెక్క అవ్యయం అనే ఒక్క గదిలో సర్దేసింది.

దాదోబా పద్ధతికి విమర్శలూ వచ్చాయి. పుణెకు చెందిన సంస్కృత పండితుడు కృష్ణశాస్త్రి చిప్లూణ్‌కర్ తర్వాతి కాలంలో మరాఠీ వ్యాకరణంపై వ్యాసాలు రాసి, దాదోబా చెప్పినవాటిని పరీక్షకు పెట్టారు. 1911లో మోరో కేశవ్ దామ్లే పెద్ద శాస్త్రీయ వ్యాకరణం తెచ్చారు. అయినా అప్పటికే కొన్ని తరాల పిల్లలు దాదోబా గదుల్లోనే పదాలను సర్ది పరీక్షలు రాశారు. వాక్యంలోని ప్రతి పదాన్నీ తీసి అది ఏ భాషాభాగమో, ఏ లింగమో, ఏ వచనమో, ఏ విభక్తో చెప్పే అభ్యాసాన్ని మరాఠీ బడుల్లో ‘వ్యాకరణ్ చాలవణే’ అంటారు. వ్యాకరణం నడపడం అని దాని అర్థం.

సూరత్: అందరికీ తలుపులు తెరిచిన సభ

పుస్తకం వచ్చాక దాదోబా కొంతకాలం మాల్వాలోని జావ్రా నవాబుకు చదువు చెప్పారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో పనిచేశారు. 1840ల మొదట్లో సూరత్ ఇంగ్లీష్ బడికి వెళ్లారు.

అప్పటి సూరత్ గత వైభవాన్ని తలచుకుంటూ బతుకుతున్న ఊరు. మొఘలుల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు బయల్దేరిన రేవు అది. ఈ దేశంలో ఇంగ్లీష్ వర్తకులు తొలినాళ్లలో స్థిరపడిన చోట్లలో అదొకటి. తర్వాత వర్తకం బొంబాయికి తరలిపోయింది. 1837లో ఊరిని అగ్నిప్రమాదం కాల్చేసింది, వేల ఇళ్లు బూడిదయ్యాయి. అదే ఏడాది తాపీ నదికి వరద వచ్చింది. చాలా పార్సీ కుటుంబాలు ఊరు విడిచి బొంబాయి చేరాయి. పాత పెద్దరికాలు కదిలిపోయి, కొత్త చదువులు మొదలవుతున్న ఊళ్లోకి దాదోబా వచ్చారు.

అక్కడ ఆయనకు దొరికిన జోడీ దుర్గారామ్ మంఛారామ్ దవే. 1809లో సూరత్‌లోనే పుట్టిన నాగర బ్రాహ్మణుడు, ప్రభుత్వ గుజరాతీ బడి పంతులు. గుజరాతీలో బడిపంతుల్ని మెహతాజీ అంటారు. ఊరంతా ఆయన్ని దుర్గారామ్ మెహతాజీ అనే పిలిచేది. 1842లో దుర్గారామ్, మిత్రులు కలిసి పుస్తక ప్రసారక మండలి పెట్టి అచ్చుయంత్రం తెప్పించుకున్నారు. 1844 జూన్ 22న మానవ ధర్మ సభ మొదలైంది. దాదోబా, దుర్గారామ్, దినమణిశంకర్, దలపత్‌రామ్, దామోదర్‌దాస్ దాన్ని నిలబెట్టిన ఐదుగురు. అందరి పేర్లూ ‘ద’తోనే మొదలవడం వల్ల సూరత్ జనం వాళ్లను ఐదుగురు ‘ద’ల జట్టుగా చెప్పుకున్నారు.

ఆ సభ పేరులో హిందూ అని లేదు, బ్రాహ్మణ అని లేదు, మానవ అని ఉంది. దేవుడు ఒక్కడే, మనుషులంతా ఒకే జాతి, పుట్టుకను బట్టి కాక గుణాన్ని బట్టి మనిషిని చూడాలి అన్నవి దాని నమ్మకాలు. ఆదివారాల్లో సమావేశాలు జరిగేవి. ఎవరైనా వచ్చి వినవచ్చు, ప్రశ్నించవచ్చు. మంత్రాలతో దయ్యాలను వదిలిస్తామని, చేతబడి చేస్తామని చెప్పుకునే వాళ్లను సభ బహిరంగంగా సవాలు చేసింది, నిరూపిస్తే బహుమతి ఇస్తామంది. వితంతు వివాహం గురించి దుర్గారామ్ నోరు విప్పి మాట్లాడారు. 1844 నాటి సూరత్‌లో ఇది చిన్న విషయం కాదు.

అదే ఏడాది ఆగస్టులో కంపెనీ ఉప్పు మీద సుంకాన్ని మణుగుకు అర్ధ రూపాయి నుంచి రూపాయికి పెంచింది. సూరత్ జనం వీధుల్లోకి వచ్చారు, అల్లర్లయ్యాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఉప్పు ధర మీద ఊరు ఒక్కటై కదిలిన ఆ రోజుల్లోనే, కులం గురించి మాట్లాడే పంతుళ్లు మాత్రం గుప్పెడు మందే ఉన్నారు.

ఆ గుప్పెడు మందికీ పరిమితులు ఉన్నాయి. కులం తప్పని సభలో మాట్లాడటం ఒక ఎత్తు. ఇంటికి వెళ్లి ఇతర కులాల వాళ్లతో కలిసి భోంచేయడం ఇంకో ఎత్తు. మానవ ధర్మ సభ మొదటి దానితోనే ఆగింది. కులాచారాన్ని ఆచరణలో తెంచుకోవాలని సభ్యుల్ని పట్టుబట్టలేదు. వితంతు వివాహం కోసం వాదించిన దుర్గారామ్ స్వయంగా భార్య పోయాక వితంతువును కాక చిన్న వయసు అమ్మాయిని పెళ్లి చేసుకుని, విమర్శకుల నోట పడ్డారు. 1846లో దాదోబా బొంబాయికి బదిలీ అయ్యారు. 1852లో దుర్గారామ్ రాజ్‌కోట్ వెళ్లిపోయారు. నడిపే పంతుళ్లు ఊరు వదలగానే సభ ఆగిపోయింది.

అయితే తలుపులు తెరిచి మాట్లాడిన మాటలు ఊళ్లో మిగిలాయి. సూరత్‌లో 1833లో పుట్టిన నర్మదాశంకర్ దవే, అంటే కవి నర్మద్, తర్వాతి తరంలో వితంతు వివాహాల పక్షాన గట్టిగా నిలబడ్డారు. ఆయన గుజరాతీకి వ్యాకరణం రాశారు. ఒంటి చేత్తో కూర్చిన నిఘంటువు నర్మకోశ్‌ను 1873లో పూర్తిగా వెలువరించారు. దుర్గారామ్ సభ సంగతులు కూడా పోలేదు. మహీపత్‌రామ్ రూపరామ్ రాసిన దుర్గారామ్ చరిత్ర ద్వారా తర్వాతి తరాలకు అందాయి.

బొంబాయి: తలుపులు మూసిన సభ

బొంబాయిలో దాదోబా ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే నార్మల్ తరగతి బాధ్యత తీసుకున్నారు. మరాఠీ బడులకు వెళ్లే పంతుళ్లు అక్కడే తయారయ్యేవారు. వ్యాకరణం రాసిన మనిషే దాన్ని చెప్పేవాళ్లనూ తయారుచేసే చోట కూర్చున్నారు. విజ్ఞాన విషయాలను మరాఠీలో చర్చించడానికి విద్యార్థులు 1848లో పెట్టుకున్న ఉపయుక్త జ్ఞానప్రసారక సభకు కూడా ఆయన పెద్దదిక్కు.

1849లో పరమహంస మండలి మొదలైంది. సూరత్‌లో కుదరని పని ఇక్కడ చేయాలనుకున్నారు. కులాన్ని మాటల్లో కాక చేతల్లో తెంచుకోవాలి. మండలిలో చేరేవాళ్లు తక్కువ కులంగా లోకం చూసే వ్యక్తి వండినది తినాలి, క్రైస్తవులు కాల్చిన రొట్టె ముట్టాలి. నేటి పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చు. ఆ రోజుల్లో ఆ ఒక్క ముద్దకు వెలి తప్పదు. ఇంట్లో పెళ్లికి మనుషులు రారు, చావుకు మోసేవాళ్లు ఉండరు, ఆడపిల్లకు సంబంధం దొరకదు. 1840ల్లో బొంబాయిలో క్రైస్తవంలోకి మారిన కొందరు యువకుల విషయమై పెద్ద గొడవలు జరిగాయి. కోర్టుల దాకా వెళ్లాయి. ఆ వేడిలో క్రైస్తవుల రొట్టె తిన్నామని చెప్పుకోవడమంటే నిప్పుతో చెలగాటమే.

అందుకే మండలి గుట్టుగా నడిచింది. సమావేశాలు రహస్యం, సభ్యుల పేర్లు రహస్యం. తగినంత మంది చేరాక ఒకేసారి బయటపడదామన్న ఆలోచన. అప్పుడు సంఘం ఎంతమందిని వెలి వేయగలదు? లెక్క తెలివైనదే. కానీ తగినంత అంటే ఎంతమంది అన్నది ఎప్పటికీ తేలలేదు.

ఈ కాలంలో దాదోబా జీవితం ఇంకో మలుపు తిరిగింది. 1852లో ఆయన అహ్మద్‌నగర్ ప్రాంతంలో డిప్యూటీ కలెక్టరయ్యారు. అక్కడి భిల్లుల తిరుగుబాటును అణచడంలో ప్రభుత్వానికి తోడ్పడి రావ్ బహదూర్ బిరుదు పొందారు. మనుషులంతా ఒకే జాతి అన్న సభను నిలబెట్టిన మనిషి, కొండల్లోని ఆదివాసుల మీదికి వెళ్లిన ప్రభుత్వం పక్షాన నిలిచారు. ఆయన జీవిత కథ చెప్పేటప్పుడు దీన్ని దాటవేయకూడదు. కంపెనీ ప్రభుత్వం పెట్టిన బడి, అచ్చు వేయించిన పుస్తకాలు, ఇచ్చిన ఉద్యోగం ఆ తరం చదువుకున్నవాళ్లకు ఆధారం. వాళ్ల ధైర్యానికి హద్దు కూడా అక్కడే పడింది.

1860లో మండలి సభ్యుల పేర్లున్న పుస్తకం దొంగతనానికి గురైంది. పేర్లు బయటకు పొక్కాయి. ఊరంతా గుప్పుమంది. ఒకరొకరుగా సభ్యులు తప్పుకున్నారు. కులాన్ని కూల్చడానికి పదేళ్లు కూడగట్టుకున్న సంఘం ఒక జాబితా బయటపడటంతో కూలింది. దాన్ని పడగొట్టడానికి ఎవరూ వాదనలో నెగ్గాల్సిన అవసరం రాలేదు.

అందులో మిగిలిన వాళ్లు, వాళ్ల మిత్రులు కలిసి 1867లో ప్రార్థనా సమాజం పెట్టారు. దాన్ని స్థాపించింది తమ్ముడు ఆత్మారామే. ఈసారి గుట్టు లేదు. కానీ కులాన్ని వెంటనే తెంచుకోవాలన్న షరతు కూడా లేదు. బహిరంగంగా ఉండటానికి వాళ్లు చెల్లించిన ధర అది.

పుస్తకానికి ఒక పేరు, ధర్మానికి ఒక పేరు

దాదోబా పుస్తకాల మీద ఉన్న పేర్లను వరసగా చూస్తే ఆయన ఎక్కడ ధైర్యంగా ఉన్నారో, ఎక్కడ వెనకాడారో తెలుస్తుంది. మరాఠీ వ్యాకరణం ఆయన పేరుతోనే వచ్చింది, మళ్లీ మళ్లీ అచ్చయింది. చిన్న పిల్లల కోసం లఘు వ్యాకరణం కూడా తెచ్చారు. మోరోపంత్ రాసిన కేకావళి కావ్యానికి 1865లో వ్యాఖ్యానం ప్రచురించి, దానికి యశోదా పాండురంగీ అని పేరు పెట్టారు. అమ్మ యశోద, నాన్న పాండురంగ్. తల్లిదండ్రుల పేర్లు కలిసొచ్చేలా పెట్టిన పేరు అది.

ధర్మవివేచన్ మాత్రం అలా రాలేదు. దేవుడొక్కడే, మనుషులది ఒకే జాతి, ఎవరి ఆలోచనకు వారికి స్వేచ్ఛ ఉండాలి, మన రోజువారీ మాటా చేతా వివేకానికి నిలవాలి, సరైన జ్ఞానం అందరికీ అందాలి అంటూ ఏడు సూత్రాలు చెప్పిన పుస్తకం అది. సూరత్ సభ, బొంబాయి మండలి నిలబడ్డ పునాది ఆ ఆలోచనలే. 1868లో అది అచ్చయినప్పుడు ఆయన వాడింది సొంత పేరు కాదు, మారుపేరు. మండలి పోయి ఎనిమిదేళ్లయినా ఆ జాగ్రత్త పోలేదు.

వ్యాకరణం నిలవడానికీ, మండలి పోవడానికీ కారణం పేరు ఒక్కటే అనడం న్యాయం కాదు. వ్యాకరణం ప్రభుత్వానికి కావాలి. బడులు నడవాలంటే పాఠ్యపుస్తకం కావాలి, పరీక్షలు పెట్టాలంటే అందరికీ ఒకే పదజాలం కావాలి. వాక్యాన్ని ఎనిమిది ముక్కలు చేసినందుకు పంతుల్ని వెలివేసే కులపెద్ద లేడు. పండితులు మహా అయితే తప్పులు పట్టారు. కులం విషయంలో అలా కాదు. ప్రభుత్వం తలదూర్చదు. సంఘం తలెత్తనివ్వదు. పుస్తకం ఎంతమంది చదివితే అంత బలపడింది. మండలి గురించి ఎంతమందికి తెలిస్తే అంత ప్రమాదంలో పడింది.

అయితే సూరత్ అనుభవం ఇంకో సంగతి చెబుతుంది. బహిరంగంగా మాట్లాడిన మానవ ధర్మ సభ కూడా ఆగిపోయింది. కానీ అది పేర్లు బయటపడి ఆగలేదు, నడిపేవాళ్లు లేక ఆగింది. దాన్ని బెదిరించడానికి దొంగిలించదగ్గ పుస్తకం లేదు. ఎవరెవరు సభకు వెళ్తున్నారో ఊరికి ముందే తెలుసు. దాదోబా బొంబాయిలో ఎంచుకున్న పద్ధతిలో ఆచరణ ఎక్కువ, వెలుగు తక్కువ. సూరత్‌లో వెలుగు ఎక్కువ, ఆచరణ తక్కువ. రెండూ కలిసిన చోటు ఆయన జీవితంలో కనబడదు.

పంతుళ్ల తరం

19వ శతాబ్దంలో వ్యాకరణం రాసినవాళ్లే సంస్కరణకూ పూనుకోవడం దాదోబాతో ఆగలేదు. బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పిల్లల కోసం అక్షరమాల పుస్తకం రాశారు, సంస్కృత వ్యాకరణాన్ని తేలిక చేశారు, 1856లో వితంతు పునర్వివాహ చట్టం రావడానికి కారకులయ్యారు. సూరత్‌లో నర్మద్ ఉన్నారు. తెలుగునాట తెలుగు పండితుడిగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం విద్యార్థుల కోసం సంగ్రహ వ్యాకరణం రాశారు. వీళ్లంతా బతుకుతెరువుకు బడిని, పత్రికను, అచ్చుయంత్రాన్ని నమ్ముకున్నవాళ్లు. పండితుల ఇళ్లలో ఉండిపోయిన భాషను బడిలో కూర్చున్న ఏ కులపు పిల్లవాడికైనా అందేలా చేయడం వాళ్ల ఉద్యోగం. ఆ పిల్లల్ని బడి బయట కులం ఎలా విడదీస్తుందో రోజూ చూసేదీ వాళ్లే.

దాదోబా చివరి ఏళ్లలో మళ్లీ పుస్తకాల దగ్గరికి వచ్చారు. స్వీడన్ తాత్వికుడు స్వీడెన్‌బోర్గ్ రచనల మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1878లో వెలువడింది. యవ్వనంలో మొదలుపెట్టిన వ్యాకరణాన్ని కూడా వదల్లేదు. 1881లో దానికి అనుబంధం తెచ్చారు. తొలి ముద్రణకు, దీనికి మధ్య 45 ఏళ్లు.

అదే 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఎవరు చేస్తున్నారో, ఎవరికి చేస్తున్నారో ఊరందరికీ తెలుసు. వెలి బెదిరింపులు వచ్చాయి, పెళ్లి ఆగలేదు. పది నెలల తర్వాత, 1882 అక్టోబర్ 17న దాదోబా కన్నుమూశారు. ఆయన రాసుకున్న ఆత్మకథ అచ్చవడానికి ఇంకో 65 ఏళ్లు పట్టింది. పండితుడు అ.కా. ప్రియోళ్‌కర్ సంపాదకత్వంలో 1947లో అది బయటికొచ్చింది. ఈసారి పుస్తకానికి పెట్టిన పేరు ఆయన పేరే, బిరుదుతో సహా: రావ్ బహదూర్ దాదోబా పాండురంగ్.